తల్లిముద్ద

బడి గ్రంథాలయంలో కిటికీ పక్కన పరిచిన పచ్చ తివాచీ పేరుకు బడి సొత్తు. బావ్‌జూ మనసులో మాత్రం అది ఆమె సొంత ఆస్తి. గురువారం పొద్దున్నే, టీచర్లంతా మీటింగులో ఉండే వేళ, పిల్లలు వరండాలో బూట్లు విప్పేసి ఆ తివాచీ మీదికి ఎగబడేవాళ్ళు. ముందు వరుస కోసం మోచేతులతో పొడుచుకునేవాళ్ళు. బావ్‌జూ చిన్న స్టూలు మీద కూర్చుని, గొంతు సవరించుకుని, "అనగనగా ఒక పీత" అనేది. ఇక గదిలో చీమ చిటుక్కుమంటే ఒట్టు.

ఆ రేవు ఊళ్ళో ఆమెను బావ్‌జూ అని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. కొడుకు బోహాన్ ఒకటో తరగతిలో చేరినప్పుడు బడికి వచ్చి కథ చెప్పడం మొదలుపెట్టింది. ఆ బోహాన్‌కి పెళ్ళయి, కూతురు పుట్టి, ఆ కూతురు జీయున్ అదే బడిలో రెండో తరగతికి వచ్చినా ఈమె ఇంకా 'బోహాన్ వాళ్ళమ్మే'. బడికి వచ్చి కథలు చెప్పే తల్లుల్ని అక్కడ కథలమ్మలంటారు. తక్కిన కథలమ్మలు తమ పిల్లలు పెద్ద బడికి వెళ్ళగానే సెలవు పుచ్చుకున్నారు. ఈమె పుచ్చుకోలేదు, పొమ్మనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మిగతా రోజుల్లో ఆమె పని రేవు పక్క రేకుల షెడ్డులో కూర్చుని ఆల్చిప్పలు విప్పి మాంసం తీయడం. చేతుల నిండా గాట్లు. ఎంత రుద్ది కడిగినా నీచు వాసన పోదు. అందుకే కథ చెప్పేటప్పుడు రెండు చేతులూ ఏప్రన్ జేబుల్లో దాచేసి గొంతొక్కటే ఆడించేది. తుఫాను హోరు, పీత కోపం, ముసలి జాలరి దగ్గు, అన్నీ ఆ గొంతులోనే పలికేవి. వారమంతా ఆల్చిప్పల ముందు కూర్చునే మనిషి, ఆ ఒక్క పూట పాతిక మంది పిల్లల్ని నోరు మెదపనివ్వకుండా కూర్చోబెట్టేది. ఆ పూట కోసమే ఆమె వారమంతా బతికేదంటే అబద్ధం కాదు.

అలాంటి తివాచీ దగ్గరికి సెప్టెంబరులో రూయిన్ వచ్చింది.

రూయిన్ మొగుడు పట్నంలో ఉద్యోగం మానేసి తండ్రి ఆల్చిప్పల సాగు చూసుకోవడానికి ఊరికి తిరిగొచ్చాడు. ఆమె పట్నంలో చిన్నపిల్లల బడిలో పనిచేసిన మనిషి. కొడుకు లెలెని ఒకటో తరగతిలో చేర్చింది, తనూ కథలమ్మగా పేరిచ్చింది. చక్రాల బుట్ట ఒకటి లాక్కుంటూ వచ్చింది. అందులో జిగురు, కత్తెరలు, కడిగి ఆరబెట్టిన పాల డబ్బాలు, సీసా మూతలు, దారపు ఉండలు. కథ చెప్పలేదు. తివాచీకి అవతల ఉన్న పొడవాటి బల్ల మీద పాల డబ్బాలు పరిచి, "పీతను చేద్దాం, ఎవరొస్తారు?" అంది.

దారం లాగితే డెక్కలు తెరుచుకుంటాయి, వదిలితే మూసుకుంటాయి. ఇక చూసుకోండి. మొదటి వారం ముగ్గురు లేచి బల్ల దగ్గరికి వెళ్ళారు. తర్వాతి వారం సగం తివాచీ ఖాళీ. మూడో వారానికి బావ్‌జూ ముందు మిగిలింది అయిదుగురు, అందులో ఒకడు నిద్రపోతున్నాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని పెద్దలు ఊరికే అన్నారా! అదైనా ఓర్చుకునేదేమో. ముందుగా లేచి, మిగతావాళ్ళను చెయ్యి పట్టి లాక్కెళ్ళింది సొంత మనవరాలు జీయున్.

సాయంత్రం ఇంట్లో జీయున్ ఆ అట్ట పీతను నాయనమ్మ ముక్కు ముందు ఆడించింది.

"నాయనమ్మా, చూడు చూడు, గిచ్చుతుంది!"

"ఇన్నాళ్ళూ నా కథలో పీత గిచ్చలేదా?"

"గిచ్చింది. కానీ దాన్ని నువ్వే గిచ్చించావు. దీన్ని నేను గిచ్చిస్తున్నా."

ఏడేళ్ళ పిల్ల మాటకు బావ్‌జూ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు దడదడలాడించింది. ఆ రోజు నుంచి ఆమె కడుపులో మంట మొదలైంది. రూయిన్ నవ్వితే మంట. రూయిన్ చేతులు తెల్లగా ఉన్నాయని మంట. పిల్లలు 'లెలె వాళ్ళమ్మా, లెలె వాళ్ళమ్మా' అని వెనకాలే తిరిగితే మంట. ఎదురుపడితే మాత్రం పళ్ళన్నీ కనపడేలా నవ్వేది. ఆ నవ్వుకు దవడలు నొప్పి పుట్టేవి.

షెడ్డులో పక్క పీట మీద కూర్చునే లీషియాకు ఇదంతా పండగ.

"ఏం బోహానమ్మా, నీ తివాచీ ఖాళీ అయిందట కదా? ఇటివ్వరాదూ, మా వాకిట్లో పరుచుకుంటా."

"నోర్ముయ్, చేతిలో కత్తుంది."

"ఆ కత్తితో నెమ్మది. నువ్వు కోపంగా విప్పితే మాంసం చిరుగుతోంది, ఆనక ఇద్దరికీ తిట్లు. అయినా ఆ పిల్ల మంచిదేనటగా. నవ్వు మొహం."

"నవ్వు మొహమా? జిగురు మొహం! పిల్లల్ని జిగురేసి అంటించుకుంటోంది."

"అయితే నువ్వూ ఒక డబ్బా కొనుక్కో, పోయేదేముంది?"

"నేను కథ చెప్పేదాన్ని. ఆ కత్తిరింపులు, అతికింపులు నాకెందుకు?"

అంది గానీ అసలు సంగతి వేరు. ఈ చేతుల్ని తీసుకెళ్ళి పిల్లల ముక్కుల ముందు పెట్టడం ఆమెకు సిగ్గు. ఆ సిగ్గు లీషియాకు కూడా చెప్పుకోలేదు. మింగలేక కక్కలేక గబగబా ఆల్చిప్పలు విప్పింది.

డిసెంబరు మొదట్లో గ్రంథాలయం చూసుకునే షూ టీచర్ ఇద్దరినీ పిలిచింది. మెత్తగా మాట్లాడే మనిషే, కానీ చెప్పదలచుకున్నది మింగే రకం కాదు.

"ఒకే గదిలో ఇద్దరంటే కుదరడం లేదమ్మా. కథ వినపడదు, ఇటు పిల్లలు కుదురుగా చెయ్యరు. వచ్చే టర్ము నుంచి గురువారం ఒక్కరికే ఇస్తాను. రెండోవాళ్ళు ఖాళీ ఉన్న రోజు చూసుకోవచ్చు."

ఖాళీ ఉన్న రోజంటే బుధవారం మధ్యాహ్నం. ఆ పూట బడి సగం రోజే, పిల్లలు భోజనాలు చేసి ఇళ్ళకు పారిపోతారు. ఆ రోజు కథ చెప్పడమంటే బీరువాలకు చెప్పడమే.

"దోంగ్‌జీ పండక్కి మాత్రం ఇద్దరూ కలిసి చెయ్యండి," అంది షూ టీచర్. "మీరు కథ చెప్పండి. ఈమె పిల్లలతో ఉండలు చేయిస్తుంది. అది చూసి నిర్ణయిస్తాను."

దోంగ్‌జీ అంటే ఏడాదిలో పగలు అతి చిన్నదయ్యే రోజు. ఆ రోజు ఇంటింటా బంకబియ్యం పిండితో ఎర్రవి, తెల్లవి చిన్న చిన్న ఉండలు చుట్టి, ఉడికించి, అల్లం వేసిన బెల్లం పాకంలో తింటారు. అది తింటేనే ఒక ఏడు వయసు పెరిగినట్టు. పెద్దవాళ్ళు ఆ మాట నవ్వుతూ అంటారు, పిల్లలు నిజమనే నమ్ముతారు.

పండగ పొద్దున్న బావ్‌జూ ముందుగానే బడికి చేరింది. గ్రంథాలయంలో బల్లల మీద పాత పేపర్లు పరిచి ఉన్నాయి. పుస్తకాలకు ఆవిరి తగలకుండా పొయ్యి వరండాలో పెట్టారు, దాని మీద పాకం ఒక గిన్నెలో, నీళ్ళు ఒక గిన్నెలో మరుగుతున్నాయి. రూయిన్ పెద్ద బేసినులో పిండి కలుపుతోంది. ముక్కు మీద, జుట్టు మీద, అంతా పిండే.

బావ్‌జూ ఒక్క చూపులో కనిపెట్టింది. పచ్చి పిండిలో నీళ్ళు పోసి కలిపేస్తోంది, తల్లిముద్ద వెయ్యలేదు.

బంకబియ్యం పిండిని ఊరికే నీళ్ళతో కలిపితే అది చేతికి లొంగదు. ఉండ చుడుతుంటే పగుళ్ళిస్తుంది, నీళ్ళలో వేస్తే విచ్చిపోతుంది. అందుకని కలిపిన పిండిలోంచి గుప్పెడు ముద్ద తీసి, అప్పచ్చిలా నొక్కి, మరిగే నీళ్ళలో వేసి, తేలాక తీసి, వేడివేడిగా మళ్ళీ పచ్చి పిండిలో వేసి మర్దించాలి. ఆ ఉడికిన ముద్దే తల్లిముద్ద. అది కలిస్తే మొత్తం పిండి మాట వింటుంది. బావ్‌జూకి అది అత్త నేర్పింది. రూయిన్ వాళ్ళమ్మ పట్నంలో దుకాణంలో చేసి ఉన్న ఉండలు కొనుక్కొచ్చి ఉడకేసేది, ఆ పిల్లకు ఇది తెలిసే దారే లేదు.

రూయిన్ తలెత్తింది. "పెద్దమ్మా, సమయానికి వచ్చారు. నాకిది మొదటిసారి. పిండి ఇలాగే ఉండాలా? ఏదో గట్టిగా అనిపిస్తోంది. ఒకసారి చూసి చెప్పరూ?"

బావ్‌జూ బేసిను మీదికి వంగి చూసింది. నోటిదాకా వచ్చింది మాట. ఆ వెనకే ఖాళీ తివాచీ, నిద్రపోతున్న పిల్లాడు, అట్ట పీతను ఆడిస్తున్న జీయున్ కళ్ళ ముందు మెదిలారు.

"బాగుందమ్మా. అంతే ఉండాలి," అంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈమె అడిగినా పెట్టలేదు.

పిల్లలు వచ్చారు. ఆ రోజు బావ్‌జూ కథ బ్రహ్మాండంగా కుదిరింది. బద్ధకపు సూర్యుడు దుప్పటి ముసుగుతన్ని పడుకుంటే, ఒక చిన్న పిల్ల వేడి పాకం వాసన చూపించి లేపిన కథ. పిల్లలు పడీపడీ నవ్వారు. షూ టీచర్ గుమ్మంలో నిలబడి వింది. అబద్ధమాడిన గొంతుకు ఒక్కోసారి అలాంటి మెరుపు వస్తుంది కాబోలు.

కథ అయ్యాక అందరూ బల్లల చుట్టూ చేరారు. రూయిన్ తలా ఒక ముద్ద పంచింది. బావ్‌జూ జేబుల్లో చేతులు పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడింది.

ముందు ఒక పిల్లాడి ఉండ రెండుగా చీలింది. "నాది పగిలింది!" అన్నాడు. "నాదీ!" ఇంకొకతె. అరచేతుల్లో పెట్టి తిప్పితే చాలు, చెరువు అడుగున ఎండిన మట్టిలా పగుళ్ళు. రూయిన్ గాభరాపడి నీళ్ళు చల్లింది, పిండి వేళ్ళకు అంటుకుపోయింది. పొడి పిండి చల్లింది, మళ్ళీ పగిలింది. "పర్లేదు, ఉడికితే అదే సర్దుకుంటుంది" అంటూ కొన్ని నీళ్ళలో వేసింది. ఉండలు కనపడకుండా పోయి, నీళ్ళు గంజి అయ్యాయి.

బావ్‌జూ లోపల ఏదో చల్లబడింది. మూడు నెలల మంట మీద ఎవరో చెంబెడు నీళ్ళు గుమ్మరించినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు.

"టీచర్, నా ఉండ కరిగిపోయింది. మరి నాకు ఏడో ఏడు రాదా?" అన్నాడు లెలె.

"ఎలా వస్తుంది? తినకుండా వస్తుందా?" అంది పక్కనున్న పిల్ల పెద్ద ఆరిందాలా.

"అయితే మనమందరం ఇదే తరగతిలో ఉండిపోతామా?"

అంతే, గది గదంతా ఏడుపులు అందుకున్నాయి. అందరిలోకీ పెద్ద గొంతు జీయున్‌ది. పగిలిన ఎర్ర ఉండను గుప్పిట్లో పట్టుకుని వెక్కిళ్ళు పెడుతోంది. ఎనిమిదేళ్ళొస్తే, నీళ్ళు వెనక్కి తీసిన వేళ ఆల్చిప్పలు తేవడానికి వెళ్ళే బండి మీద సముద్రంలోకి తీసుకెళ్తానని తండ్రి మాటిచ్చాడు. ఏడాదంతా ఆ రోజు కోసమే చూస్తోంది. ఆ సంగతి బావ్‌జూకి తెలియనిది కాదు.

"నాయనమ్మా!" అని ఏడుస్తూ ఆమె వైపే పరుగెత్తుకొచ్చింది.

బావ్‌జూ జేబుల్లోంచి చేతులు తీసింది. కుళాయి దగ్గర రెండుసార్లు కడుక్కుంది. బేసినులోంచి గుప్పెడు పిండి తీసి, నొక్కి, మరిగే నీళ్ళలో వేసింది. తేలగానే గరిటెతో తీసి, పొగలు కక్కుతుండగానే పిండిలో వేసి మర్దించసాగింది. ఆ వేడి మరొకళ్ళకైతే చెయ్యి కాలేది, ఆ చేతులకు లెక్కలేదు. ఏడుపులు ఒక్కొక్కటే ఆగాయి. పిల్లలు బేసిను చుట్టూ మూగారు. పిండి చెవితమ్మెలా మెత్తబడింది.

"నీ చేతులు చేపల వాసనేస్తున్నాయి," అన్నాడొక ఒకటో తరగతి బుడతడు.

"అవున్రా. ఎంత కడిగినా పోదు."

"సరేలే. నా ముద్ద కూడా పిసికిపెట్టు."

అంతకాలం ఆ చేతుల్ని దాచుకున్నది ఇందుకా అనిపించింది ఆమెకు. నవ్వొచ్చింది. ఉండలు నున్నగా తిరిగాయి, నీళ్ళలో మునిగి, ఎర్రగా తెల్లగా గుండ్రంగా తేలాయి. "బోహాన్ వాళ్ళమ్మా, నాది చూడు! నాది ముందు చూడు!" ఎటు చూసినా ఆమె పేరే. బల్ల అవతల ఒక్క పిల్లా లేదు. షూ టీచర్ ఆమె వైపు చూసి తలూపింది. గురువారం ఇక తనదే.

ఆ సంబరంలో తలెత్తి చూసింది. రూయిన్ ఒంటరిగా నిలబడి ఉంది. లెలె కూడా ఆమె దగ్గర లేడు, బావ్‌జూ మోచేతికి వేలాడుతున్నాడు. రూయిన్ నవ్వుతోంది. పళ్ళన్నీ కనపడేలా, దవడలు బిగబట్టి నవ్వుతోంది. ఆ నవ్వు బావ్‌జూకి ఎవరూ వివరించనక్కర్లేదు.

అప్పుడే జీయున్, నోటి నిండా ఉండ పెట్టుకుని, అందరికీ వినపడేలా అడిగింది.

"నాయనమ్మా, తల్లిముద్ద సంగతి నీకు తెలుసు కదా, ఇంట్లో నా చేతే వేయిస్తావుగా? మరి లెలె వాళ్ళమ్మకి ముందే ఎందుకు చెప్పలేదు?"

బావ్‌జూ తేలు కుట్టిన దొంగలా అయిపోయింది. నాలుక చివర ఒక జవాబు సిద్ధంగా ఉంది: మర్చిపోయానే తల్లీ, వయసైపోయింది. అందరూ నవ్వేసి ఊరుకునేవాళ్ళు. రూయిన్ కూడా 'పర్లేదు పెద్దమ్మా' అనేసేది. కానీ ఆ బిగబట్టిన నవ్వు ఇంకా ఎదురుగానే ఉంది. దాని ముందు రెండో అబద్ధం పెగల్లేదు.

"అసూయే తల్లీ," అంది. "మీరంతా నన్నొదిలేసి ఆవిడ దగ్గరికి పోయారని కడుపుమంట. ఆవిడ అడిగింది. నేను తెలిసీ చెప్పలేదు."

రూయిన్ మొహంలో నవ్వు పోయింది.

"నేను అడిగాను కదా పెద్దమ్మా."

"అడిగావు."

"బాగుందన్నారు."

"అన్నాను."

రూయిన్ గరిటె తీసుకుని పిల్లలకు పాకం పోసింది. చివర్లో ఒక గిన్నె నింపి బావ్‌జూ ముందు కూడా పెట్టింది, మొహం మాత్రం చూడలేదు. బావ్‌జూ ఆ గిన్నె ముట్టుకోలేదు.

పిల్లలు వెళ్ళాక షూ టీచర్ చెప్పేసింది. "గురువారం రూయిన్‌కి ఇస్తున్నానమ్మా. మీ చెయ్యి మంచిదే, నోరూ మంచిదే. కానీ ఇవాళ పిల్లల్ని ఏడిపించింది పిండి కాదు కదా."

బావ్‌జూ ఏప్రన్ మడిచి బీరువాలో పెట్టి షెడ్డుకు వెళ్ళిపోయింది. లీషియా వెక్కిరించడానికి నోరు తెరిచి, ఆమె మొహం చూసి మూసుకుంది.

కొత్త సంవత్సరం పండగ వెళ్ళింది, బడి తెరిచారు. గురువారాలు వచ్చి పోతున్నాయి, బావ్‌జూ బడి వైపు తొంగిచూడలేదు. మంట చల్లారిందా అంటే, లేదు. ఉన్నంత ఉంది. ఇప్పుడు దానికి సిగ్గు తోడైంది, అంతే. జీయున్ మాత్రం ఏమీ జరగనట్టే రోజూ వాగేది. లాంతర్ల పండగ వస్తోందని, లెలె వాళ్ళమ్మ వెదురు పుల్లలతో లాంతర్లు కట్టిస్తోందని, పండగ సాయంత్రం ఊరంతా చూస్తుండగా వాటిని పట్టుకుని రేవు దాకా ఊరేగింపని.

పండగకు ముందు గురువారం బావ్‌జూ వెళ్ళింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ రావద్దనలేదు. వరండాలో చెప్పులు విప్పి, తివాచీ పక్కనుంచి నడిచి, పొడవాటి బల్ల చివర పిల్లలు కూర్చునే బుల్లి స్టూలు మీద కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. రూయిన్ ఒక్క క్షణం ఆగి, మిగతా పిల్లలకు ఇచ్చినట్టే ఆమె ముందు కూడా నాలుగు వెదురు పుల్లలు, దారం పెట్టి వెళ్ళింది.

లాంతరు కట్టడం బావ్‌జూకి రాదు. పుల్ల వంచితే తన్నేది, ముడి వేస్తే జారేది. పక్కనున్న లెలె లాంతరు అప్పుడే గుండ్రంగా నిలబడింది. ఆమెది తాగినవాడిలా ఒక పక్కకు ఒరిగింది. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమె ఎవర్నీ ఏదీ అడిగి ఎరుగదు. తెలిసింది చెప్పకపోవడం సుళువు, తెలియనిది అడగడమే కష్టం. అదీ ఈ మనిషిని.

రూయిన్ పక్కనుంచి పోతుంటే లాంతరు పైకెత్తి పట్టుకుంది.

"చూసి చెప్పమ్మా. సరిగ్గానే ఉందా?"

రూయిన్ నిలబడింది. లాంతరు వైపు చూసింది, తర్వాత ఆమె వైపు చూసింది. బాగుంది పెద్దమ్మా అని ఒక్క మాట అంటే చాలు. ఊరేగింపులో, పదిమంది ముందు, లోపల దీపం పక్కకు ఒరిగి కాగితం భగ్గుమంటుంది. ఆ మాట అనే హక్కు ఆ పిల్లకు ఉందని బావ్‌జూకి తెలుసు. తెలిసే అడిగింది.

"లేదు పెద్దమ్మా," అంది రూయిన్. "అడుగు ముడి తప్పు. మొత్తం విప్పెయ్యండి."

ఆమె వంగి, ఆ వంకర పుల్లను రెండు వేళ్ళతో కదలకుండా పట్టుకుంది. బావ్‌జూ మొదటి ముడి విప్పడం మొదలుపెట్టింది.